అమెరికాలో టిప్ ఎక్కడ ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, స్లిప్పు మీద ఎలా రాయాలి

ప్రతి ఆగస్టులోనూ నాకు ఇదే ప్రశ్న వస్తుంది. కొత్తగా చదువుకోవడానికి వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతారు. పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చిన పెద్దవాళ్లు ఇంకా ఎక్కువ అడుగుతారు: "బిల్లు కట్టేశాం కదమ్మా, మళ్లీ ఈ డబ్బులేంటి? ఎంత ఇవ్వాలి? ఇవ్వకపోతే ఏమవుతుంది?" ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో విడివిడిగా చెప్పేకంటే మొత్తం ఒకచోట పెడితే మేలనిపించింది. నేను డాలస్ దగ్గర ఉంటాను కాబట్టి లెక్కలన్నీ ఇక్కడి 8.25 శాతం సేల్స్ టాక్స్‌తో చేశాను, మీ ఊరి టాక్స్ వేసుకుంటే మిగతాదంతా ఒకటే.

అసలు ఎందుకు ఇవ్వాలి అన్నది రెండు ముక్కల్లో చెబుతాను. మన దగ్గర టిప్ అంటే సోంపు పళ్లెంలో పెట్టే పదో ఇరవయ్యో, పెడితే సంతోషిస్తారు, పెట్టకపోయినా సర్వర్ జీతం సర్వర్‌కి వస్తుంది. ఇక్కడ కూర్చుని తినే రెస్టారెంట్లలో లెక్క వేరు. టిప్పులు వచ్చే ఉద్యోగులకి యజమాని గంటకి 2.13 డాలర్లు చేతికిస్తే చాలని ఫెడరల్ చట్టం చెబుతుంది, 1991 నుంచీ ఆ అంకె మారలేదు. మామూలు ఫెడరల్ కనీస వేతనం 7.25 డాలర్లు. టిప్పులతో కలిపి కూడా ఆ 7.25 రాకపోతే తేడా యజమాని వేయాలి, అంతే. టెక్సాస్, జార్జియా, నార్త్ కరోలినా ఇవన్నీ ఆ 2.13 రాష్ట్రాలే, మనవాళ్లు ఎక్కువగా ఉండే చోట్లే. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఒరెగాన్, నెవాడా, మిన్నెసోటా, మోంటానా, అలాస్కాలలో మాత్రం టిప్పులతో సంబంధం లేకుండా రాష్ట్రం పెట్టిన పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే, అయినా టిప్ ఇచ్చే అలవాటు అక్కడా ఇలాగే ఉంది.

కాబట్టి నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. టేబుల్ దగ్గరికి వచ్చి మీకు వడ్డించిన మనిషికి టిప్ ఎగ్గొట్టకండి. కౌంటర్ దగ్గర నిలబడి మీరే తీసుకెళ్లే చోట ఇవ్వకపోతే ఏదో తప్పు చేసినట్టు కుంగిపోకండి.

దగ్గర ఉండాల్సినవి

- పర్సులో ఎప్పుడూ ఒక డాలర్ నోట్లు పది, ఐదు డాలర్ల నోట్లు రెండు మూడు. ఏటీఎంలో ఎక్కువగా ఇరవైలే వస్తాయి, అందుకని బ్యాంకు లోపలికి వెళ్లి అడిగి తీసుకోండి, లేదా కిరాణా షాపులో ఇరవై ఇచ్చి చిల్లర చేసుకోండి.
- ఫోన్‌లో కాలిక్యులేటర్.
- బిల్లు మొత్తం చదివే ఓపిక. నవ్వకండి, చాలామందికి డబ్బు పోయేది ఇది లేకే.

1. ముందు అది టిప్ ఇచ్చే చోటో కాదో తేల్చుకోండి

ఆర్డర్ తీసుకుని, ప్లేటు తెచ్చి, నీళ్లు నింపి, చివర్లో బిల్లు తెచ్చారా? అయితే 15 నుంచి 20 శాతం. ఈమధ్య 18, 20 మామూలైపోయాయి. బఫే అయితే ప్లేటు మనమే నింపుకున్నా తిన్న ప్లేట్లు తీసేది, మంచినీళ్లు తెచ్చేది, నాన్ టేబుల్ దగ్గరికి తెచ్చిచ్చేది వాళ్లే కాబట్టి 10 శాతం ఇవ్వండి. ఇండియన్ రెస్టారెంట్ కదా, మనవాళ్లే కదా, అక్కడ అక్కర్లేదులే అనుకునేవాళ్లు చాలామంది కనిపిస్తారు. అది నాకు అస్సలు నచ్చదు. బిర్యానీ తెచ్చిన అబ్బాయికీ స్టేక్ తెచ్చిన అబ్బాయికీ వర్తించే చట్టం ఒకటే.

కాఫీ షాపు కౌంటరు, బర్గర్ల షాపు, టేక్ ఔట్: ఇవ్వాలన్న నియమం లేదు. పెద్ద ఆర్డర్ ఉంటే, పది మందికి విడివిడిగా డబ్బాలు కట్టి ఇచ్చారంటే రెండు మూడు డాలర్లు పెట్టండి.

అసలు ఇవ్వకూడనివాళ్లు కూడా ఉన్నారు. డాక్టర్లు, నర్సులు, టీచర్లు, ప్రభుత్వ ఆఫీసుల్లో ఉద్యోగులు, పోలీసులు. ఊళ్లో పని చేసిపెట్టినందుకు ప్యూన్‌కి చేతిలో పెట్టడం అలవాటైన పెద్దవాళ్లకి ఇది ముందే చెప్పి తీసుకెళ్లండి, ఇక్కడ అది లంచం కిందికి వస్తుంది. పోస్ట్‌మ్యాన్‌కి కూడా నగదు ఇవ్వకూడదు. పండక్కి ఏదైనా చిన్న బహుమతి ఇవ్వాలనుకుంటే ఒకసారికి 20 డాలర్ల విలువ దాటని వస్తువైతే తీసుకోవచ్చని వాళ్ల రూలు.

2. బిల్లు పైనుంచి కిందిదాకా చదవండి

"గ్రాట్యుటీ" (ఇక్కడ టిప్‌కే ఇంకో పేరు, మన దగ్గర రిటైరయ్యాక వచ్చేది కాదు) అనో "సర్వీస్ ఛార్జ్" అనో ఒక లైన్ ఉందేమో వెతకండి. ఆరుగురో ఎనిమిది మందో దాటి వెళ్తే చాలా చోట్ల 18 శాతం వాళ్లే కలిపేస్తారు, మెనూ కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

నా మొదటి ఏడాది ఒక స్నేహితురాలి పుట్టినరోజుకి ఏడుగురం వెళ్లాం. తిన్నది 168 డాలర్లు, టాక్స్ 13.86, గ్రాట్యుటీ 30.24, మొత్తం 212.10. ఆ మూడో లైను ఎవరం చూడలేదు. స్లిప్పు మీద టిప్ అని ఖాళీ గీత కనపడగానే నేను 212 మీద 20 శాతం లెక్క కట్టి 42 డాలర్లు రాసేశాను. మర్నాడు పొద్దున బిల్లు ఫోటో చూస్తుంటే విషయం తెలిసింది. ఒక్క భోజనానికి 72 డాలర్ల టిప్, అదీ నెల మొత్తం కిరాణాకి 150 పెట్టుకున్న రోజుల్లో. అంతా చదివి సంతకం పెట్టాల్సింది నేనే కదా, ఎవరిని అడుగుతాం?

గ్రాట్యుటీ ఉంటే ఆ టిప్ గీత మీద అడ్డంగా గీత కొట్టి, మొత్తం దగ్గర బిల్లు అంకే రాయండి. ఎంతో బాగా చూసుకున్నారనిపిస్తే ఇంకో రెండు మూడు డాలర్లు చాలు.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. మీ ఇష్టంతో రాసిన టిప్ చట్టప్రకారం ఉద్యోగులది, యజమాని గానీ మేనేజర్ గానీ అందులో వాటా తీసుకోకూడదు. బిల్లులో వాళ్లే వేసిన సర్వీస్ ఛార్జ్ మాత్రం రెస్టారెంట్ ఆదాయం, అది సర్వర్‌కి ఎంత వెళ్తుందో యజమానే నిర్ణయిస్తాడు. "కిచెన్ ఫీ" లాంటి పేర్లతో 3, 4 శాతం ఛార్జీ కనపడితే అది టిప్ కాదు. అనుమానం ఉంటే "ఈ ఛార్జ్ మీకే వస్తుందా?" అని సర్వర్‌నే అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు, నేను ప్రతిసారీ అడుగుతాను.

3. లెక్క కట్టడం

టాక్స్ కలపకముందు ఉన్న మొత్తం మీద కట్టండి. దాన్ని "సబ్‌టోటల్" అంటారు. కూపన్ గానీ డిస్కౌంట్ గానీ వాడితే తగ్గించకముందు ధర మీద కట్టండి, ధర తగ్గింది గానీ మోసిన ప్లేట్లు తగ్గలేదు కదా.

ఉదాహరణకి సబ్‌టోటల్ 46 డాలర్లు. చుక్కని ఒక అంకె ఎడమకి జరిపితే 4.60, అది 10 శాతం. దాన్ని రెట్టింపు చేస్తే 9.20, అది 20 శాతం. 15 శాతం కావాలంటే 4.60కి అందులో సగం 2.30 కలిపితే 6.90. ఈ రెండిటి మధ్య ఎక్కడ ఆగినా తప్పులేదు. నేనైతే 9 రాస్తాను.

"టాక్స్‌ని రెట్టింపు చెయ్, అదే టిప్" అని ఒక చిట్కా మీ సీనియర్లు చెబుతారు. అది ఊరిని బట్టి పనిచేస్తుంది. న్యూయార్క్ సిటీలో టాక్స్ 8.875 శాతం కాబట్టి రెట్టింపు చేస్తే 17.75, బాగానే ఉంది. డాలస్‌లో 16.5, పర్వాలేదు. కానీ న్యూజెర్సీలో టాక్స్ 6.625 శాతమే, రెట్టింపు చేస్తే 13.25, తక్కువైపోతుంది, అక్కడ మూడింతలు చేయాలి. ఒరెగాన్‌లో అసలు సేల్స్ టాక్సే లేదు. అందుకే చుక్క జరిపే పద్ధతే నేర్చుకోండి.

ఇంకొకటి, రూపాయల్లోకి మార్చి చూడకండి. మా నాన్నగారు వచ్చినప్పుడు ప్రతి టిప్పునీ రూపాయల్లోకి మార్చి "ఇంత డబ్బుకి ఊళ్లో ఇంటిల్లిపాదీ తినొచ్చు" అనేవారు. అది నిజమే. కానీ ఆ సర్వర్ అద్దె కట్టేది డాలస్‌లో.

4. స్లిప్పు నింపడం

కార్డు తీసుకెళ్లి, దాంతో పాటు రెండు కాగితాలు తెస్తారు. ఒకటి మర్చంట్ కాపీ, ఇంకోటి కస్టమర్ కాపీ. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే.

మర్చంట్ కాపీ మీద మూడు చోట్ల రాయాలి: టిప్ గీత, టోటల్ గీత, సంతకం. పై ఉదాహరణే తీసుకుంటే బిల్లు 49.80 (46 మీద టాక్స్ 3.80). టిప్ దగ్గర 9.00 రాయండి, టోటల్ దగ్గర 58.80 రాయండి, సంతకం పెట్టండి. ఆ కాగితం టేబుల్ మీదే వదిలేయాలి. కస్టమర్ కాపీ మీరు తీసుకెళ్లండి. చాలామంది తప్పు కాపీ మీద రాసి, రాసిన దాన్ని జేబులో పెట్టుకుని, ఖాళీదాన్ని టేబుల్ మీద వదిలి వస్తారు, అంటే మీరు ఇచ్చాననుకున్న టిప్ సర్వర్‌కి చేరదు.

జాగ్రత్తలు:

- నగదు టిప్ టేబుల్ మీద పెడితే టిప్ గీత ఖాళీగా వదలకండి, అక్కడ "క్యాష్" అని రాసి, టోటల్ దగ్గర 49.80 రాయండి.
- కూడిక సరిచూసుకోండి. టిప్ ఒకటి, టోటల్ ఇంకొకటి చెబితే ఏది పట్టుకోవాలో వాళ్లకీ తెలియదు.
- 1, 7 అంకెలు వేరువేరుగా తెలిసేలా రాయండి. మన ఒకటి చాలాసార్లు వీళ్లకి ఏడులా కనిపిస్తుంది.
- టేబుల్ దగ్గరికే చిన్న మెషిన్ తెచ్చారా, అయితే స్లిప్పు గొడవ లేదు, కింది స్టెప్ చూడండి.

5. స్క్రీన్ తిప్పి చూపిస్తే

కౌంటర్ దగ్గర టాబ్లెట్ మన వైపు తిప్పి, 18, 20, 25 అని పెద్ద బటన్లు చూపిస్తారు. వెనక నలుగురు నిలబడి ఉంటారు, ముందు ఆ అమ్మాయి చూస్తూ ఉంటుంది, టెన్షన్‌లో 25 నొక్కేస్తాం. ఒక మఫిన్ కాగితం సంచిలో వేసిచ్చినందుకు 25 శాతం ఇవ్వాలని ఈ దేశంలో ఎవరూ ఆశించరు. కింద చిన్న అక్షరాల్లో "నో టిప్" ఉంటుంది, "కస్టమ్" ఉంటుంది. నో టిప్ నొక్కి, థాంక్యూ చెప్పి రండి. ఇవ్వాలనిపిస్తే కస్టమ్‌లో 1 డాలర్ వేయండి.

టేబుల్ సర్వీస్‌కి కూడా ఇలాంటి మెషినే తెస్తే ఒకటి గమనించండి. కొన్ని మెషిన్లు టాక్స్ కలిపిన మొత్తం మీద శాతం కడతాయి. తేడా ఎక్కువేమీ ఉండదు గానీ బిల్లు పెద్దదైతే తెలుస్తుంది. శాతం కింద డాలర్లలో ఎంతో రాసి ఉంటుంది, నొక్కేముందు దాన్నే చూడండి.

6. గుంపుగా వెళ్లినప్పుడు

మనవాళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. ఎవరికీ టిప్ ఎగ్గొట్టాలని ఉండదు, లెక్కలో అది మాయమైపోతుంది. ఆరుగురు, తిన్నది 120 డాలర్లు, టాక్స్ 9.90, మొత్తం 129.90. ఎవరో ఒకరు "తలా 22 పంపండి" అంటారు, అందరూ జెల్‌లో (ఫోన్ నుంచి బ్యాంకు ఖాతాకి డబ్బు పంపే పద్ధతి) పంపుతారు, 132 వస్తుంది. అంటే గంటన్నర సేపు ఆరుగురికి తిరిగి తిరిగి వడ్డించిన మనిషికి మిగిలింది 2.10. నిజానికి 20 శాతం టిప్ 24 డాలర్లు కలిపితే 153.90, తలా 25.65. ఆ 22 దగ్గర 26 అని అడిగి ఉంటే అయిపోయేది.

పద్ధతి: ముందు టిప్ కలపండి, ఆ తర్వాతే భాగించండి. ఎప్పుడూ ఈ వరసలోనే. కార్డు పెట్టేది ఒక్కరే అయితే మేలు. ఆరు కార్డుల మీద విడగొట్టమని అడగాలనుకుంటే ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి. అలా విడగొడితే ప్రతి ఒక్కరూ తమ స్లిప్పు మీద తమ టిప్ రాయాలి, పక్కవాడు రాశాడులే అనుకోకూడదు.

ఇంకో మాట కూడా తెలిసుండాలి. మీ సర్వర్ ఆ టిప్ మొత్తం ఇంటికి తీసుకెళ్లదు. ప్లేట్లు తీసేవాళ్లకి, బార్ దగ్గర ఉన్నవాళ్లకి అందులోంచి వాటా పంచడం చాలా చోట్ల ఉంది.

7. రెస్టారెంట్ బయట

*డెలివరీ.* బిల్లులో కనిపించే డెలివరీ ఫీ డ్రైవర్‌కి వెళ్తుందని అనుకోకండి, అది యాప్ ఖాతాలోకి. 3 నుంచి 5 డాలర్లు, పెద్ద ఆర్డర్ అయితే 15 శాతం. వాన పడుతున్నా, మంచు కురుస్తున్నా, లిఫ్ట్ లేని మూడో అంతస్తుకి బియ్యం బస్తా మోయించినా ఇంకొంచెం. చాలా యాప్‌లలో ఆ ట్రిప్పుకి సుమారు ఎంత వస్తుందో డ్రైవర్‌కి ముందే కనిపిస్తుంది, సున్నా టిప్ పెట్టిన ఆర్డర్ ఎవరూ ఎత్తుకోక చల్లారిపోతుంది.

*ఊబర్, లిఫ్ట్ (Lyft) ట్యాక్సీలు.* 10, 15 శాతం, లేదా రెండు మూడు డాలర్లు. దిగాక యాప్‌లోనే ఇవ్వొచ్చు, కంగారు లేదు. ఎయిర్‌పోర్టుకి రెండు పెద్ద సూట్‌కేసులు ఎత్తి పెట్టి దించినవాళ్లకి మాత్రం 5 ఇవ్వండి.

*హెయిర్ కట్, త్రెడింగ్.* 15–20 శాతం. పది డాలర్ల త్రెడింగ్ అయితే 2.

*హోటల్ గది.* శుభ్రం చేసేవాళ్లకి రోజుకి 2 నుంచి 5 డాలర్లు. ఖాళీ చేసే రోజు ఒకేసారి కాకుండా ఏ రోజుకారోజు పెట్టండి, ఎందుకంటే రోజూ ఒకే మనిషి రాకపోవచ్చు. ఊరికే బల్ల మీద పెడితే మీరు మర్చిపోయిన డబ్బనుకుని ముట్టుకోరు, ఒక కాగితం మీద థాంక్యూ అని ఇంగ్లిష్‌లో రాసి దాని మీద పెట్టండి. కారు తెచ్చిచ్చే వ్యాలేకి 2 నుంచి 5, సామాను మోస్తే సంచికి 1 నుంచి 2.

*ఎయిర్‌పోర్టు వీల్‌చెయిర్.* ఇది ముఖ్యంగా పిల్లలు చదవాలి. అమ్మానాన్నలకి భాష ఇబ్బంది అని టికెట్‌తో పాటే వీల్‌చెయిర్ పెట్టిస్తాం. ఆ సర్వీసు ఉచితం, టిప్ ఇవ్వాలన్న రూలు లేదు, ఇవ్వకపోయినా ఎవరూ వదిలేసి వెళ్లకూడదు. కానీ ఇమిగ్రేషన్, సామాను, కస్టమ్స్ అన్నీ దాటించి బయట మీ చేతిలో పెట్టేదాకా ఒక గంట తోస్తూ వచ్చే మనిషికి 5 నుంచి 10 డాలర్లు ఇవ్వడం అలవాటు. అమ్మ దగ్గర అప్పుడు ఉండేది హైదరాబాద్‌లో మార్చుకున్న వంద డాలర్ల నోట్లు. ఆ నోటు ఇవ్వలేక, ఏమీ ఇవ్వకుండా ఉండలేక, మొదటిరోజే మనసు చిన్నబుచ్చుకుని వస్తారు. ఊరెళ్లేవాళ్లతో ముందే ఐదు డాలర్ల నోట్లు ఆరు పంపండి. రెండు విమానాలు మారితే ఇద్దరు మనుషులు మారతారు. నోట్లు హ్యాండ్‌బ్యాగ్ పై జిప్పులో విడిగా పెట్టుకోమనండి, పాస్‌పోర్టుతో పాటు లోపల కాదు.

*ఇంటికి వచ్చే పంతులుగారు.* సత్యనారాయణ వ్రతానికో గృహప్రవేశానికో ఇచ్చేది దక్షిణ. దానికి ఈ శాతాల లెక్క ఏదీ వర్తించదు, గుడిలో అడిగితే చెబుతారు.

8. సర్వీస్ బాగాలేకపోతే

వంట ఆలస్యమైందా, కూర చల్లగా వచ్చిందా, సర్వర్ తప్పా అన్నది చూడండి. వంటగదిలో జరిగినదానికి సర్వర్ టిప్ కొయ్యడం అన్యాయం. నిజంగానే నిర్లక్ష్యంగా ఉంటే 10 శాతానికి తగ్గించి, మేనేజర్‌ని పిలిచి విషయం చెప్పండి. ఏమీ మాట్లాడకుండా సున్నా రాసి వచ్చేస్తే ఏం జరిగిందో అక్కడ ఎవరికీ తెలియదు, ఇండియన్లు టిప్ ఇవ్వరు అన్న పేరు మాత్రం మిగులుతుంది, మన తర్వాత ఆ టేబుల్ దగ్గర కూర్చునే ఇంకో తెలుగు కుటుంబం దాన్ని మోయాలి. బల్ల మీద చిల్లర నాణాలు వదిలి రావడం కూడా వద్దు, ఏమీ ఇవ్వకపోవడం కంటే అది ఎక్కువ నొప్పిస్తుంది.

9. సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవడం

లేవబోయేముందు మీరు నింపిన స్లిప్పుకి ఫోటో తీసుకోండి. ఆ సాయంత్రం బ్యాంకు యాప్‌లో 49.80 కనిపిస్తే, టిప్ పోలేదనుకోకండి. కార్డు గీసినప్పుడు పడేది టిప్ లేని మొత్తం, అది "పెండింగ్" అని ఉంటుంది. రెండు మూడు రోజుల తర్వాత అదే 58.80గా మారాలి.

మారిన అంకెని ఫోటోతో పోల్చండి. సరిపోతే అయిపోయింది. ఎక్కువ పడితే ముందు రెస్టారెంట్‌కి ఫోన్ చేసి తేదీ, మొత్తం, కార్డు చివరి నాలుగు అంకెలు చెప్పండి. చాలావరకు అంకె తప్పుగా చదివి కొట్టిన పొరపాటే అయుంటుంది, వాళ్లే తేడా వెనక్కి వేస్తారు. వాళ్లు వినకపోతే బ్యాంకు యాప్‌లో ఆ లావాదేవీ మీదే డిస్ప్యూట్ పెట్టే వీలుంటుంది, ఆ ఫోటో జత చేయండి. వారం దాటినా 49.80 దగ్గరే ఆగిపోయిందంటే మీరు తప్పు కాపీ వదిలి వచ్చారేమో జేబులో చూసుకోండి. రాసిన కాగితం అక్కడే దొరికితే, ఈసారి అటు వెళ్లినప్పుడు ఆ 9 డాలర్లూ నోట్లుగా తీసుకెళ్లి, ఏ రోజు ఏ టేబులో చెప్పి ఆ సర్వర్‌కి ఇవ్వమనండి. నేను ఒకసారి అలాగే చేశాను, తలుపు దగ్గరున్న అమ్మాయి లోపలికి వెళ్లి ఆయన్నే పిలుచుకొచ్చింది.